ఎడమకు పావు చుట్టు

నేను ఒక స్టీలు కడ్డీని. పేరుకు కడ్డీనే గాని, నా ఒంటి మీద అటూ ఇటూ జరిగే బిగింపులు మూడున్నాయి. వాటిలోంచి ఎముకలోకి దిగే లావుపాటి స్క్రూలు ఉన్నాయి. బిగింపుల మధ్య తాళంచెవితో తిప్పే చిన్న మర ఒకటుంది. విరిగిన కాలి పక్కన, చర్మానికి బయట నన్ను నిలబెడతారు. చూసినవాళ్లు ముందు మొహం తిప్పుకుంటారు. తర్వాత దగ్గరికొచ్చి వేలితో ముట్టి, "నొప్పి లేదా?" అని అడుగుతారు. అడిగేది నన్ను కాదు లెండి.

నేను పుట్టింది ఒక చిన్న వర్క్‌షాపులో. లేత్ మెషీన్ మీద నన్ను చెక్కిన మనిషి పొద్దున్నే మెషీన్‌కు బొట్టు పెట్టి దండం పెట్టుకుంటే గాని స్విచ్ వేసేవాడు కాదు. నా మరలో గాడి వెంట్రుకంత తేడా వచ్చినా మళ్లీ మొదటికొచ్చేవాడు. అంత ఓపిక ఎందుకో నాకు జిల్లా పెద్దాసుపత్రికి వచ్చాక తెలిసింది. అయితే మనుషులు నా దాకా వచ్చే దారిలో ఆ ఓపిక ఒక్కచోట కూడా ఎందుకు ఉండదో ఇప్పటికీ తెలియలేదు.

ఆ ఆసుపత్రిలో నాలాంటివాళ్లం ఇద్దరమే. కాళ్లు మాత్రం వారానికి రెండు మూడు వచ్చేవి. ఒక లారీ క్లీనరుకు, ఒక బడి పంతులుకు, గొర్రెలు కాచే ఒకామెకు వరసగా పనిచేశాను. ఒకరి నుంచి విప్పి, ఆవిరిలో ఉడికించి, ఇంకొకరికి బిగించేవారు. నాలుగో కాలు భూమన్నది.

భూమన్న పసుపు మార్కెట్లో హమాలి. నిండు బస్తాను వీపు మీద వేసుకుని మెట్టు ఎక్కినంత తేలిగ్గా లారీ ఎక్కేవాడట. ఒక సాయంత్రం మోపెడ్ మీద ఇంటికి పోతుంటే లారీ గుద్దింది. మోకాలి కింది ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. చూపుడు వేలంత ముక్క రోడ్డు మీదే పడింది. పక్కనున్న చాయ్ హోటలాయన దాన్ని మంచినీళ్లతో కడిగి, కాగితంలో చుట్టి, భద్రంగా వెంట పంపాడు. మొదటి ఆసుపత్రిలో మట్టి కడగకుండానే పైన కట్టు కట్టి పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. రెండో చోట ఎముకల డాక్టరు సెలవు. మర్నాడు మధ్యాహ్నానికి గాని ఆ గాయాన్ని ఎవరూ విప్పి కడగలేదు. కాగితంలో చుట్టిన ముక్క ఏ బకెట్లో పడిందో ఎవరికీ గుర్తులేదు. లోపల మిగిలిన ఎముక అంచులు చీము పట్టి నల్లబడితే అవీ తీసేశారు. అప్పుడే నన్ను బిగించాల్సింది. కాని నేను గొర్రెలామె కాలికి ఉన్నాను, నా జోడీ ఇంకొకరి కాలికి ఉంది. మూడు నెలలు భూమన్న సిమెంటు పట్టీతో మంచం మీద ఎదురుచూశాడు. కాలు ఎత్తితే మధ్యలో తడిగుడ్డలా వంగేది. నాలుగు వేళ్ల వెడల్పున అక్కడ ఎముకే లేదు.

డాక్టర్ విజయసారథి నన్ను అతని కాలికి బిగించి, పైన బాగున్న ఎముకను ఒకచోట జాగ్రత్తగా కోశాడు. ఆ కోసిన ముక్కను రోజుకు ఒక్క మిల్లీమీటరు కిందికి జరుపుతూ పోతే, వెనక వదిలిన సందులో కొత్త ఎముక పుడుతుంది. ముక్క కిందికి చేరేసరికి ఖాళీ నిండిపోతుంది. ఎన్ని కాళ్లలో చూసినా నాకు ఇది ఆశ్చర్యమే. తొందరపెడితే ఆ ఎముక పుట్టదు, ఆగిపోతే కోసిన చోటే అతుక్కుపోతుంది. ఎముకకు అంత లెక్క తెలిసేలా చేసిన దేవుడు, లారీ నడిపేవాడికి కాస్తంత ఇచ్చి ఉంటే సరిపోయేది కదా అని అప్పుడప్పుడు అనుకుంటాను. తప్పయితే ఆయనే క్షమిస్తాడు.

ఇంటికి పంపే రోజు, నా మర ఎలా తిప్పాలో చూపించడానికి డాక్టరు ఇంటివాళ్లను పిలిచాడు. గుమ్మం దగ్గర వార్డు బాయ్ చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్కలే పోవాలె" అన్నాడు. భార్య సుగుణ లోపలికి వచ్చింది. తల్లి లింగవ్వ వరండాలో ఉండిపోయింది.

"ఎడమకు పావు చుట్టు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పండుకునే ముందు. రోజుకు నాలుగు సార్లు, మర్చిపోవద్దు," అన్నాడు డాక్టరు. సుగుణ మూడుసార్లు చేసి చూపించింది. ఆమె వేళ్లు బీడీలు చుట్టే వేళ్లు. కొలత తప్పవు.

ఇంట్లో తాళంచెవి పోకుండా లింగవ్వ దాన్ని దేవుని గూట్లో పెట్టింది. మొదటిరోజు కోడలు నా మర తిప్పుతుంటే పక్కన కూర్చుని చూసింది.

"ఏందే సుగుణా, ఉల్టా తిప్పుతున్నవ్?"

"సారు గిట్లనే జెప్పిండు అత్తా."

"గుడి సుట్టు ఎవలన్న గట్ల తిరుగుతరా? ఎడమకు తిరిగేది సావు కాడ."

"ఇది గుడా అత్తా? ఇనుము."

సుగుణ చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు వెళ్లగానే, లింగవ్వ కాళ్లు చేతులు కడుక్కుని, గూట్లోంచి తాళంచెవి తీసి, దేవుణ్ని తలచుకుంటూ నన్ను కుడికి పావు చుట్టు తిప్పింది. కొడుకు కాలి చుట్టూ జరిగిన కీడును సరిచేశానని ఊపిరి పీల్చుకుంది. కోసిన ఎముక ముక్క ఎంత దిగిందో అంతా మళ్లీ పైకెక్కింది.

ఆ రోజు నుంచి అదే వరస. కోడలు తిప్పిన ప్రతిసారీ, ఆమె నీళ్లకో కార్ఖానాకో వెళ్లాక, రాత్రయితే పడుకున్నాక, అత్త మళ్లీ తిప్పేది. ఇద్దరూ ఒక్కపూట తప్పలేదు. నాకు నోరుంటే ఊరు లేచేలా అరిచేవాణ్ని. ఇంత శ్రద్ధగా ఇద్దరు మనుషులు ఒకరి పని ఒకరు చెరపడం నేనెక్కడా చూడలేదు.

భూమన్న చూడకపోలేదు. "అవ్వా, నువ్వు గూడ తిప్పుతున్నవా?"

"రెండు చేతులు పడితే జెల్ది అయితది కొడుకా."

అతను సంతోషపడ్డాడు. చూడటానికి వచ్చిన హమాలి పెద్దసాయిలుతో, "మా ఇంట్ల దినాం ఎనిమిదిసార్లు తిప్పుతున్నరే" అన్నాడు గొప్పగా.

"ఎనిమిదా! ఇగ నీ కాలు ఒక్కటే బోధన్ దాకా పోతది, నువ్వు మంచంల్నే ఉంటవ్," అని నవ్వాడు పెద్దసాయిలు. అందరూ నవ్వారు, లింగవ్వ కూడా.

రెండు వారాలకు ఆసుపత్రికి రమ్మన్నారు, వెళ్లారు. ఎక్స్‌రే మెషీన్ రిపేరులో ఉంది. మళ్లీ వారం రమ్మన్నారు. కాలు చాపి కూర్చునే మనిషిని బస్సువాళ్లు ఎక్కించుకోలేదు, ఆటో దొరకలేదు, తర్వాత వానలు. ఫోటో తీసేసరికి ఏడు వారాలు గడిచాయి.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ముక్క కదలలేదు. కోసిన చోటు గట్టిగా అతుక్కుంది. కింద నాలుగు వేళ్ల ఖాళీ నాలుగు వేళ్లూ అలాగే ఉంది.

"తిప్పలేదు నువ్వు," అన్నాడు సుగుణతో.

"నా పిల్ల మీద ఒట్టు సారూ, ఒక్కపూట తప్పలే."

"మరి ఎముక అబద్ధం ఆడుతుందా? మళ్ల కోయాలె. ఈసారి చీము పట్టిందనుకో, నా చేతుల ఏం లేదు. కాలు తీసేసుడే."

గుమ్మం దగ్గర వార్డు బాయ్ చెయ్యి తోసుకుని లింగవ్వ లోపలికొచ్చింది. "సారూ, దానిది తప్పు లేదు. నేనే మల్ల సక్కగ తిప్పిన."

"సక్కగ అంటే?"

ఆమె గాలిలో వేలితో కుడికి చుట్టి చూపించింది. "దేవుని సుట్టు ఎట్ల తిరుగుతం? గట్ల."

"బుద్ధుందా అవ్వా నీకు? ఎటు తిప్పాలెనో ఎవలన్న జెప్పిండ్రా?"

"జెప్పెతందుకు నన్ను లోపటికి ఎవలు రానిచ్చిండ్రు సారూ?"

వార్డు బాయ్ గోడకేసి చూశాడు. సుగుణ అత్త వైపు చూడనే లేదు. "నేను జూస్తనే ఉంటి సారూ," అన్నాడు భూమన్న మెల్లగా. "జెల్ది అయితదనుకున్న."

మళ్లీ కోశారు. కాని ఈసారి డాక్టరు నా మరను పై బిగింపుల మధ్య నుంచి తీసి కింది బిగింపుల మధ్య పెట్టాడు. ఇదివరకు అది ఎముకను పైనుంచి నెట్టేది, ఇప్పుడు కిందినుంచి లాగుతుంది. లాగాలంటే కుడికే తిప్పాలి. మనిషిని మార్చడం కన్నా నన్ను మార్చడం తేలికని ఆయనకు తోచి ఉండాలి. అంత చిన్న పని మొదటిరోజే చేయడానికి అడ్డమేముందో!

తాళంచెవి లింగవ్వ చేతిలో పెట్టాడు. "కుడికి, పావు చుట్టు. దినానికి నాలుగే. ఐదోది వద్దు."

"మొక్కు ఉంటే?"

"మొక్కు గుడిల తీర్చుకో అవ్వా."

కొన్నాళ్లు అత్త మర తిప్పే వేళకు సుగుణ చాట ఎత్తుకుని బయటికి పోయేది. తర్వాత ఒక మధ్యాహ్నం బీడీల చాట ముందు నుంచి తలెత్తకుండానే సుగుణ, "అత్తా, టైమయింది" అంది. లింగవ్వ లేచి చేతులు కడుక్కుంది.

ముక్క కింది ఎముకను తాకడానికి రెండు నెలలు దాటింది. కొత్త ఎముక గట్టిపడటానికి మరో ఆరు నెలలు. నడుమ ఒకసారి స్క్రూ పక్కన చీము పట్టింది, దేవుడి దయవల్ల ఎముక దాకా పోలేదు. నన్ను విప్పిన రోజు భూమన్న గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాలు అంగుళం పొట్టి. బస్తా మోయలేడు. మార్కెట్లో కూర్చుని బస్తాల మూతులు కుడుతున్నాడని తర్వాత విన్నాను. కాలు దక్కింది, అదే పదివేలని అందరూ అన్నారు. లింగవ్వ నాకు దండం పెట్టింది. నాకు మాత్రం కోపం చల్లారలేదు. ఆ కాలు ఇంకా ముందే, ఇంకా నిండుగా నిలబడాల్సింది.

నన్ను బ్రష్‌తో తోమి, ఉడికించి, వారం తిరక్కుండా ఒక ట్రాక్టరు డ్రైవరు కాలికి బిగించారు. అతన్ని ఇంటికి పంపే రోజు అతని భార్య ఒక్కతే లోపలికొచ్చింది. డాక్టరు తాళంచెవి ఇవ్వబోయి ఆగాడు.

"మీ ఇంట్ల దీపం పెట్టేదెవలు?"

"మా మేనత్త సారూ. బయట కూసున్నది."

"పిలువు ఆమెను."

ముసలామె వచ్చి, చెప్పులు గుమ్మం బయటే వదిలి, నా ముందు నిలబడింది. డాక్టరు తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఎటు తిప్పాలె సారూ?"

"నేను తర్వాత జెప్త," అన్నాడు డాక్టరు, స్టూలు జరుపుకుని కూర్చుంటూ. "ముందుగాల నువ్వు జెప్పు. నువ్వెటు తిప్పుతవ్?"