కుడి సీటు

మా పడకగదిలో విమానం ఉంది. నవ్వకండి. మంచాన్ని గోడకు నెట్టేసి, ఆ జాగాలో మూడు తెరలు, ఒక స్టీరింగ్, కాళ్ళ కింద పెడళ్ళు, పాత కారులోంచి పీకిన రెండు సీట్లు బిగించాడు మా ఆయన. ఎడమ సీటు ఆయనది, కుడి సీటు నాది. పెళ్ళైనప్పటి నుంచి ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చునేదాన్నే కదా.

నా పని ఇంధనం చదవడం. దారిలో ఒక్కో గుర్తు దాటగానే ట్యాంకులో ఎన్ని కిలోలు మిగిలాయో నేను పైకి చెప్పాలి. ఆ పాటికి ఎంత ఉండాలో ఆయన చెప్పాలి. తేడా ఎంతో మళ్ళీ నేను చెప్పాలి. నిజం విమానాల్లో కుడి సీటు పైలట్ చేసేది ఇదేనట. రోజంతా కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి వచ్చి, కాళ్ళు పీకుతుంటే, కదలని విమానంలో లేని ఇంధనాన్ని లెక్కపెడుతుంటాను. నా ఖర్మ.

దీనంతటికీ మూలం మా తమ్ముడు. మా ఆయన సరుకుల విమానం నడిపేవాడు. ఆఖరిసారి కుడి సీట్లో కూర్చున్నది వాడే. దిగాల్సిన ఊరు కనుచూపు మేరలో ఉండగా ఇంధనం అయిపోయి విమానం పొలాల్లో పడింది. మా ఆయన చిన్న దెబ్బలతో బయటపడ్డాడు. తమ్ముడు కాలు విరిగి, ఇక ఆ ఉద్యోగానికే పనికిరాకుండా పోయాడు. పైలట్ల మాటలు రికార్డు చేసే పెట్టె ఆ రోజు పనిచేయలేదు. విచారణలో తమ్ముడు, "మధ్యలో ఇంకో ఊళ్ళో దిగి ఫ్యూయల్ పోయించుకుందామన్నాను, బావ వినలేదు" అన్నాడు. మా ఆయనేమో, "వాడు నోరు మెదపలేదు. ట్యాంకు కారింది" అన్నాడు. తమ్ముడి మాటే నెగ్గింది. మా ఆయన లైసెన్సు పోయింది.

నాకు తమ్ముడు పోయాడు. నా సంసారాన్ని నడిరోడ్డున పడేశాడని వాడి ముఖం చూడడం మానేశాను. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడు కర్ర ఊతంతో వార్డులోకి వస్తే, నేను కారిడార్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారు. అది మా ఆయన కాకూడదు, అంతే. అందుకే ఈ సీట్లో కూర్చుంటున్నాను. ఆ రోజు ప్రయాణాన్నే ఈ తెరల మీద మళ్ళీ మళ్ళీ నడుపుతాం. ఆ రోజు పోయించుకున్న ఇంధనం దారికి సరిపోతుందని తేలితే, ట్యాంకు కారినట్టే, తమ్ముడు అబద్ధమాడినట్టే.

ఎక్కడ తేలుతుంది? కంప్యూటర్లో ఎదురుగాలి పెడితే ఇంధనం దారిలోనే అయిపోతుంది. "గాలి ఎక్కువ పెట్టినట్టున్నాను" అని తగ్గిస్తాడు. తగ్గిస్తే చేరుతుంది. "చూశావా?" అంటాడు. గాలిని అలా చెప్పుచేతల్లో పెట్టుకుంటే విమానం నేనూ నడుపుతాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేనే పట్టుబట్టాను. "ఆ రోజు గాలి ఎంతుందో అంతే పెట్టండి. మధ్యలో ముట్టుకోవద్దు." మొహం చిట్లించాడు గానీ పెట్టాడు.

మొదటి గుర్తు దగ్గరే ఇంధనం ఉండాల్సినదానికంటే తగ్గింది. రెండో గుర్తు దగ్గర తేడా రెట్టింపయింది. ఆయన చూపు తెర మీదే ఉంది, ఇంట్లో ఉన్నానన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు.

"నూట ఇరవై తక్కువండీ," అన్నాను.

"ఊఁ."

కుడివైపు తెరలో, తమ్ముడు చెప్పిన మధ్యలోని ఊరి రన్‌వే కనిపించింది.

"ఏవండీ, ఇక్కడ దిగి పోయించుకుంటే పోలా?"

"అక్కర్లేదు."

"తేడా పెరిగిపోతోంది. దిగుదాం."

ఆయన తల తిప్పలేదు.

"ఊరుకో బావమరిదీ. ఎన్నిసార్లు చెబుతావు అదే మాట? నేను చూసుకుంటాగా."

తెర మీది అంకెలు వదిలేసి ఆయన వైపు తిరిగాను. గది నిండా ఇంజన్ల మోత. తానేమన్నాడో ఆయనకు తెలియనే లేదు. కాసేపటికి, "ఫ్యూయల్ చదవవేం?" అన్నాడు.

"ఇందాక నన్ను ఏమని పిలిచారు?"

"ఏమని పిలిచాను?"

"బావమరిదీ అన్నారు."

స్టీరింగ్ మీద చేతులు ఆగిపోయాయి.

"పరధ్యానంలో ఏదో నోటికొచ్చింది. దానికింత రాద్ధాంతం ఎందుకు?"

"దిగుదామని వాడు చెప్పాడు. ఒక్కసారి కాదు, పదే పదే చెప్పాడు."

"ఇప్పుడవన్నీ ఎందుకు? గాలి కాస్త ఎక్కువైంది. మళ్ళీ మొదలుపెడదాం, కూర్చో."

ఒళ్ళు మండిపోయింది. అబద్ధమాడినందుకు కాదు, ఆ "కూర్చో" అన్నందుకు. హెడ్‌ఫోన్ పీకి సీట్లో పడేసి, వంటింట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోను చేశాను. వాడి నంబరు మరిచిపోదామనుకున్నాను గానీ, ఎక్కడ మరుస్తాం.

"అక్కా?" అన్నాడు, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

"ఒరేయ్, నువ్వు చెప్పిందే నిజంరా. దిగుదామన్నావు. ఆయనే వినలేదు."

"నీకెలా తెలిసింది?"

"మీ బావ నోటినుంచే వచ్చింది."

ఫోన్లో వాడి కర్ర చప్పుడు వినిపించింది.

"అయితే ఇప్పుడు కూడా బావ చెబితేనే నమ్మావన్నమాట," అన్నాడు.

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది గానీ ఎత్తలేదు. గదిలోంచి మా ఆయన పిలుస్తున్నాడు, మొదటి గుర్తు దాటిందట, ఎంత మిగిలిందో చదవమని.