రెండు పూతల సున్నం

సమాధుల పండగనాడు పొద్దున్నే పెర్సిస్ ఊరి సమాధుల దొడ్డికి వచ్చేసరికి, ఎవరో ముసలామె నాయనమ్మ సమాధికి సున్నం వేస్తోంది.

పెర్సిస్ తాడేపల్లిగూడెంలో టీచరు. ఆమె తండ్రి సత్యానందం జూన్‌లో పోయారు. ఆయన చివరగా అడిగింది ఒక్కటే, తన తల్లి సలోమి పక్కన పడుకోబెట్టమని. ఏలూరులో చర్చివాళ్లు చోటిస్తామన్నా వినకుండా, వానలో, కొల్లేటి గట్ల మీదుగా పెట్టెను ట్రాక్టరులో ఇక్కడికి తెచ్చింది పెర్సిసే. నాన్న అడిగినది చేశానన్న ఆ ఒక్క తృప్తితోనే ఈ ఐదు నెలలూ బడికి వెళ్లి వస్తోంది. ఏటా బాబాయి ముందురోజే వేసే సున్నం ఈసారి తనే వేస్తానని చెప్పింది.

"ఏవండీ, మీరు పొరబడ్డట్టున్నారు. ఇది మా నాయనమ్మదండీ" అంది మెల్లగా.

ముసలామె కుంచె దించింది. "మీ నాయనమ్మదేంటండీ? మా ఆయనది. నా పేరు లిడియా, గుండుగొలను నుంచి ఏటా పొద్దున్నే వచ్చి పోతాను."

"మా బాబాయి పదిహేనేళ్లుగా దీనికే సున్నం వేస్తున్నారండీ."

"ఓరి నాయనో! అదా సంగతి? నేనొచ్చేసరికి ఏటా తెల్లగా మెరిసిపోతా ఉండేది. చర్చివాళ్లు వేయిస్తున్నారు కాబోలనుకుని, దాని మీదే ఇంకో పూత వేసి పోయేదాన్ని. బతికున్నన్నాళ్లూ రెండో చొక్కా ఎరగడు, చచ్చాక చూడండి వైభోగం, ఏటా రెండు పూతలు!"

పెర్సిస్ నవ్వలేకపోయింది. లిడియా వంగి, కాళ్ల వైపు మట్టి గీకింది. తుప్పు పట్టిన గొలుసు బయటపడింది. "ఆయన పడవదండీ. వరదకి ముందే నా చేత్తో పాతాను."

అప్పుడే బాబాయి దేవసహాయం సున్నపు బకెట్టుతో వచ్చాడు. లిడియాను చూశాడు, గొలుసును చూశాడు. బకెట్టు కింద పెట్టేశాడు.

"బాబాయ్, నాయనమ్మ ఎక్కడ?"

"ఎనభై ఆరు వరదకి సిలువలన్నీ కొట్టుకుపోయాయి గదమ్మా..."

"నాయనమ్మ ఎక్కడ?"

ఆయన తూర్పుకు చూశాడు. అటు గుర్రపుడెక్క కప్పేసిన నీళ్లు తప్ప ఏమీ లేవు. "చేపల చెరువు తవ్వినప్పుడు ఈ అంచు కొంత పోయింది. పెద్దలం నలుగురం సంతకాలు పెట్టాం. అన్నయ్య అప్పుడు జంగారెడ్డిగూడెంలో ఉన్నాడు. వచ్చి అమ్మ ఏదిరా అంటే ఏం చెప్పను? ఎవరూ రాని దిబ్బ అనుకుని ఇది చూపించాను. ఇప్పుడా చెరువూ లేదు, నిరుడు ప్రభుత్వం కొల్లేటి చెరువులన్నిటి గట్లూ కొట్టించేసింది."

"జూన్‌లో అయినా చెప్పొచ్చుగా."

"పెట్టె ఎదురుగా పెట్టుకుని చెప్పే మాటా అమ్మాయ్ అది?"

నాన్న ఏటా పండగ సాయంత్రం ఈ దిబ్బ పక్కన అరగంట కూర్చునేవారు. కూతురికి ఉద్యోగం వచ్చిన సంగతి ఇంట్లో కంటే ముందు ఇక్కడికే వచ్చి చెప్పారు. పెర్సిస్ ఆ మాట పైకే అంది.

"మా ఆయనకి బతికుండగానే చెవుడండీ. ఏమీ అనుకోడు లెండి" అంది లిడియా. తర్వాత దేవసహాయం వైపు తిరిగింది. "మీరు మాత్రం గొప్పోరండీ. కన్నతల్లిని చేపలకి రాసిచ్చారు."

పెర్సిస్ బకెట్టు తీసుకుని, పక్కనే ఉన్న నాన్న సమాధికి సున్నం వేసింది. సున్నం రెండుసార్లు గడ్డి మీద పడింది. నాన్నను ఇక్కణ్ణుంచి తీయించినా, తీసుకెళ్లి పెట్టడానికి నాయనమ్మ పక్కన నేల లేదు.

"వదినకి చెప్పకమ్మా, తట్టుకోలేదు" అన్నాడు దేవసహాయం వెనకే వస్తూ. ఆ మాట నిజమే కావడం పెర్సిస్‌కు మరీ దుర్భరంగా తోచింది.

మోకాళ్ల నొప్పులతో గట్టు దిగలేక తల్లి రోడ్డు మీద ఆటోలోనే కూర్చుని ఉంది.

"అయిందా? ఇద్దరికీ వేశావా?"

"వేశానమ్మా."

"అంతేలే, ఆయన అదృష్టవంతుడు. అడిగినట్టే తల్లి పక్కకి చేరాడు." ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "నన్నూ అక్కడే పెట్టండి, అత్తగారికి అటుపక్కన. చోటుందా అసలు?"

దేవసహాయం ఆటో కమ్మీ పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

పెర్సిస్ తల్లి పక్కన ఎక్కి కూర్చుంది. ఆయన వంక చూడకుండానే అంది:

"ఎందుకుండదమ్మా? బాబాయి చూపిస్తారుగా."