పువ్వు తప్పించి పోయే తోవ

ఆ పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. మబ్బు తునకల మధ్య చంద్రుడు ఇంకా పోలేదు, పోవాలని కూడా లేనట్టున్నాడు. ఆ మసక వెలుతురులో ఇప్పపూలు ఒక్కొక్కటే రాలుతుంటే, పగిడయ్య చెట్టు కింద కూచుని, చప్పుడైన వైపు చెయ్యి చాపి ఏరుకుంటున్నాడు.

గంప నిండాక ఇంటికొచ్చాడు. వాకిట్లో మనవరాలు భవాని ఏడుస్తోంది. దాని నడుముకు పాత చీర, చీర రెండో కొస పందిరి గుంజకు. నడక వచ్చిన మర్నాడే తల్లి వనజ వేసిన ముడి అది.

గడప దిగితే తారు రోడ్డే. నిరుడు దాకా ఎడ్లబండ్ల బాట. తారు పడ్డాక, అశ్వారావుపేట మిల్లుకు పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్లకు అడ్డదారి అయింది. హారనూ, దుమ్మూ, పాట ముక్కా ఒక్కసారే వచ్చి ఒక్కసారే పోయేవి. మొన్ననే పక్కింటి మేక చక్రం కింద పడింది.

"లేగదూడను కట్టినట్టు కట్టినవ్ గదనే," అన్నాడు కూతురితో.

"ఇప్పితే నువ్వు కావలుంటవా అయ్యా? నీకు పువ్వు, అమ్మకు పొయ్యి, నాకు కూలి."

ట్రాక్టర్ నడిపే రాజేష్ పగిడయ్య సొంత చెల్లెలి కొడుకే. నిమ్మళంగ పోరాదురా అల్లుడా అని ఎప్పుడో అడిగాడు. "రోడ్డేసిందే జల్దీ పోనీకి మామా. నిమ్మళానికి నీ ఎడ్లబండి లేదా?" అని నవ్వి పోయాడు వాడు.

గంప దించబోతే పెళ్లాం కన్నమ్మ కేకేసింది. "ఇప్పుడే అలికిన. ఆడ పొయ్యకు!"

గంపతో అట్లాగే నిలబడ్డాడు. పాదాల కింద తారు అప్పుడే వెచ్చబడుతోంది. వంగి, రోడ్డు మీద సగం దాకా పువ్వు పరిచాడు.

"తోవ మీద పోస్తవా? మతి గిట్ల పోయిందా ఏంది?"

"వెచ్చగుంది. మంచిగ ఎండుతది."

ఇప్పపువ్వును ఆ ఊళ్లో ఎవరూ తొక్కరు. పొరపాటున కాలు తగిలితే వంగి తాకి కళ్లకద్దుకుంటారు. రాజేష్ బండి వచ్చి, పువ్వు ముందు కీచుమని ఆగింది.

"మామా, పువ్వు తియ్యి."

"తొక్కుకుంట పో. నేనొద్దన్ననా?"

రాజేష్ చక్రం వైపు చూశాడు, పువ్వు వైపు చూశాడు. తిండి కరువైన నెలల్లో వాళ్లమ్మ ఆ పువ్వే ఉడికించి పెట్టి సాకింది వాణ్ని. "నాతోటి ఆటలాడుతున్నవ్ మామా," అని గొణిగి, గట్టు మీద నడిచినట్టు పక్కనుంచి పోయాడు.

మర్నాడు ఎదురింటివాళ్లు తమ వైపు పరిచారు. ఆ పైఇల్లు మళ్లీ ఈ వైపు. చూస్తుండగానే రోడ్డు వాగులా వంకరలు తిరిగింది. ట్రాక్టర్లు ఊగుతూ, నిద్రలో నడిచినట్టు వచ్చేవి. ఇదివరకు ముక్కే వినబడే పాట ఇప్పుడు మొదట్నుంచి చివరి దాకా వినబడేది. వాడంతా తీపి వాసన.

వనజ మాత్రం ముడి విప్పలేదు. "పువ్వున్నన్నాళ్లే గద అయ్యా," అంది.

అదీ నిజమే. పూత అయిపోయింది. ఆఖరి పువ్వు ఎత్తేసిన మర్నాడు రోడ్డు మళ్లీ నల్లగా, తిన్నగా ఉంది. పువ్వు తేనె ఇంకినచోట మాత్రం పాలిపోయిన మరకలు. పగిడయ్య వాకిట్లో కూచున్నాడు. దూరంగా ట్రాక్టర్ చప్పుడు.

బండి వచ్చింది. మెల్లగా వచ్చింది. ఏమీ లేనిచోట ఎడమకు తిరిగింది, ఏమీ లేనిచోట కుడికి వంగింది. దాని వెనకాల ఇంకో బండీ అట్లాగే ఊగుతూ వచ్చి, దాటి పోయింది. ముందొచ్చిన బండి అప్పటికే ఇంటి ముందు ఆగి ఉంది. రాజేష్ దిగాడు.

"ఆడ ఏమున్నదనిరా తిరిగినవ్?"

రాజేష్ వెనక్కి చూశాడు. "అవ్ మామా. ఏం లేదు." తన చేతుల వైపు చూసుకున్నాడు. "చెయ్యే తిరిగింది."

గడపలో వనజ బిందె దించింది. గుంజ దగ్గర కూలబడి ముడి లాగింది. పిల్ల గుంజి గుంజి బిగిసిపోయిన ముడి. పళ్లతో విప్పింది. భవాని నడుము తడుముకుని, తప్పటడుగులతో గడప దిగి, తారు మీది మరకలో చతికిలబడింది.

"కాళ్లు కడుక్కోరా," అంది కన్నమ్మ రాజేష్‌తో.

రోడ్డు అంచునే మోదుగు విస్తళ్లు వేసింది. జొన్నన్నం, ఉడికించిన ఇప్పపువ్వు. దూరంగా మరో ట్రాక్టర్ వాడలోకి తిరిగి, చప్పుడు తగ్గించుకుంది. ఎవరూ తలెత్తలేదు. భవాని ఒక విస్తట్లోంచి తీసి ఇంకో విస్తట్లో పెడుతుంటే, అందరూ అట్లాగే తిన్నారు.