పొట్టు తీయొద్దు

బదిలీ ఆర్డరు వచ్చిందని మొగుడు పొద్దున్నే ఫోన్లో చెప్పే సమయానికి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా రొయ్యల తొట్టిలో ఉంది.

"రేపు పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగుతాను. ఇక ఇక్కడికి తిరిగొచ్చే పని లేదు. మన ఊళ్ళో లిఫ్టుల రిపేర్లన్నీ ఇకమీదట నావే" అన్నాడతను.

అత్తగారు స్పీకరు పెట్టి, ఫోనుని కుట్టుమిషను మీద దారపు ఉండకి ఆనించి నిలబెట్టింది. ఆవిడ ఒక చొక్కాల కంపెనీకి ఇంట్లోనే కాలర్లు కుట్టి ఇస్తుంది. మిషను చుట్టూ ఎప్పుడు చూసినా మెడల్లేని చొక్కాలు గుట్టగా పడి ఉంటాయి.

"విన్నావా కొత్తమ్మాయ్? అలా బొమ్మలా నిలబడ్డావేంటి?"

"విన్నానత్తయ్యా."

"మేడంగారు ఏమంటున్నారు?" అని ఫోన్లోంచి అడిగాడు.

"చాలా సంతోషంగా ఉందండీ" అంది. మాట సరిగ్గానే వచ్చింది. సంతోషమే రాలేదు. మూడు నెలలుగా రోజులు లెక్కపెట్టుకున్నది ఈ మాట కోసమే. తీరా అది వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే ఆగిపోయినట్టనిపించింది. నీళ్ళలోంచి పట్టకారు పైకి తీసింది. దాని కొసన ఇంకో రొయ్య. పద్నాలుగోది.

"నా రొయ్యలెలా ఉన్నాయి?"

"బాగున్నాయండీ. అన్నీ."

అత్తగారు తలెత్తి కోడలి వంక చూసింది, పట్టకారు వంక చూసింది, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అత్తగారి ముందు అతన్ని 'మీరు', గదిలో 'నువ్వు'. పెళ్ళయిన వారానికే వాళ్ళిద్దరూ గుసగుసగా కుదుర్చుకున్న ఒప్పందం అది. పెళ్ళయి రెండు నెలలు గడవకముందే అతన్ని వేరే ఊరు పంపేశారు. వెళుతూ వెళుతూ ఆమెకి అప్పగించింది ఈ గాజుతొట్టి ఒక్కటే. అందులో ఇరవై ఎర్ర రొయ్యలు. ఒక్కోటీ చిటికెనవేలి గోరంత. రెండు చేతులతో అటోసారి ఇటోసారి నోట్లో కుక్కుకుంటూ, ఎవరో తరుముకొస్తున్నట్టు తింటాయి. పెళ్ళయిన కొత్తలో ఆ తిండి చూసి ఆమె పడీపడీ నవ్వింది. "నువ్వు బస్సు టైమైపోతే ఇలాగే తింటావు" అని అతను వెక్కిరిస్తే వీపు మీద ఒకటి వేసింది కూడా.

వెళ్ళే రోజున తొట్టి అద్దం మీద కాగితం అంటించాడు. తిండి రోజుకి చిటికెడు. లైటు రాత్రికి ఆర్పేయాలి. నీళ్ళు వారానికి రెండు మగ్గులు మార్చాలి. నాలుగో లైను కింద రెండు గీతలు: పొట్టు తీయొద్దు.

అది చదివి అత్తాకోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. "వీడి బొంద. వీటి పొట్టు తీసి కూరొండుకుంటానని నా మీద అనుమానం. ఇరవై కలిపినా అట్లకాడ అంచుకి కూడా అంటవు" అంది అత్తగారు.

నెలన్నర కిందట మొదటిది కనిపించింది. నాచు మీద వెల్లకిలా. రంగు పూర్తిగా పోయింది. కాళ్ళు, మీసాలు, కళ్ళ గుంటలతో సహా అన్నీ ఉన్నాయి. చచ్చాక రంగు పోతుంది కాబోలు అనుకుంది. ఏడుపొస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడింది. రాలేదు. పట్టకారుతో తీసి, అతను వచ్చాక చూపించాలి కదా అని పిన్నీసుల డబ్బాలో దూది పరిచి పెట్టింది. తర్వాత తొట్టిలో సగం నీళ్ళు తోడేసి కొత్త నీళ్ళు పోసింది. ఫిల్టరు నీళ్ళు. "మనం తాగేవే పొయ్యి. కుళాయి నీళ్ళు మనకే పడవు, అంత పసివాటికేం పడతాయి" అని అత్తగారే బిందె అందించింది.

మూడు రోజులకి ఇంకోటి. మళ్ళీ సగం నీళ్ళు. ఆ తర్వాత ఆమె ఏమీ అనుకోవడం మానేసింది. పొద్దున్నే లేచి చూడటం, తీయడం, డబ్బాలో పెట్టడం, నీళ్ళు మార్చడం, లాబ్‌కి వెళ్ళడం. లాబ్‌లో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేస్తుంది. ఎవరెవరివో చక్కెరలు, ఎవరెవరివో ఉప్పులు. ఎక్కువున్నవాటి పక్కన ఒక చుక్క, తక్కువున్నవాటి పక్కన ఒక చుక్క. సాయంత్రం ఫోను వస్తే "బాగున్నాయి" అనేది. ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే, "తిన్నావా" అని అడిగినా ఒకోసారి "అన్నీ బాగున్నాయి" అనేసేది.

ఆ రోజు శనివారం, లాబ్ ఒంటిపూట. రేపు తొమ్మిదింటికి అతను తొట్టి ముందు నిలబడతాడు. ఇరవైలో పద్నాలుగు పోతే ఆరు. అందులోనూ కంటికి కనిపించేవి మూడో నాలుగో. ఇంటికి వచ్చే దారిలో రంగుచేపల షాపు ముందు ఆగి పిన్నీసుల డబ్బా బయటికి తీసింది.

షాపాయనకి ఎడమచెవి మీద పెన్సిలు, కుడిచెవి మీద బ్రష్షు. వల కడుగుతున్నవాడల్లా చెయ్యి తుడుచుకుని డబ్బా అందుకున్నాడు. మూత తీయకుండానే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"బొద్దింకల మందేమైనా కొట్టారా?"

"లేదండీ."

"దోమల మిషను?"

"ఆ గదిలో లేదు."

"చేతికి క్రీమో, శానిటైజరో రాసుకుని నీళ్ళలో పెట్టావా? రాగి చెంబు ముంచావా?"

"లేదు."

"మరి నీ మొహం అలా ఉందేంటమ్మా, నువ్వేమైనా మింగావా?"

ఆమెకి నవ్వు రాలేదు. ఆయన మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు.

"ఎన్నాళ్ళ నించి దాస్తున్నావు?"

"నెలన్నర."

"నెలన్నర శవాలు పెట్టిన డబ్బా ఇంత కొంచెమే వాసనొస్తోందంటే, మీ ఇంట్లో చావు కూడా సబ్బుతో స్నానం చేస్తుందన్నమాట." పెన్సిలు మొనతో ఒక్కోదాన్నీ తెల్లకాగితం మీదికి జరిపాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఒకదాని మీద సుతారంగా ఊదితే అది కాగితం చివరిదాకా ఎగిరిపోయింది.

"ఇది రొయ్య కాదమ్మా. రొయ్య విప్పేసిన చొక్కా."

"ఆఁ?"

"పెరిగినప్పుడల్లా పాతది బిగుతైపోతుంది. వీపు దగ్గర చీల్చుకుని బయటికొచ్చేస్తాయి. ఇదిగో, ఇక్కడ చూడు చీలిక. లోపల ఎవరూ లేరు." వేలితో లెక్కపెట్టాడు. "పదకొండు చొక్కాలు. ఈ మూడు మాత్రం నిజంగా పోయినవే. వీటికి రంగుంది చూడు, పాలు కలిసిన గులాబీలా. చివర్లో పోయినవి ఇవేనా?"

"అవును. ఈ రెండు వారాల్లో."

"మెడ చుట్టూ తెల్లగా ఉంగరంలా ఉంది చూశావా? చొక్కా విప్పబోయి సగంలో ఇరుక్కుపోయాయి. ఏం నీళ్ళు పోస్తున్నావు?"

చెప్పింది. ఎన్నిసార్లో కూడా చెప్పింది. ఆయన కుడిచెవి మీది బ్రష్షు తీసి ఎడమచెవికి పెట్టుకుని, అక్కడ పెన్సిలు లేదని తడుముకుని, అది చేతిలోనే ఉందని చూసుకున్నాడు.

"ఫిల్టరు నీళ్ళలో ఏమీ ఉండదమ్మా. మనకి మంచివే, మనం పైనించి అన్నం తింటాం. వాటికి పొట్టు గట్టిపడాలంటే నీళ్ళలో సున్నం ఉండాలి. ఉన్న కాస్తా నువ్వు తోడిపారేశావు. పోనీ వదిలేసిన పొట్టు కొరుక్కుతిని కొంత తెచ్చుకుందామంటే, అదీ పట్టకారుతో పట్టుకుపోతివి. ఇంట్లో ఎవరూ చెప్పలేదా, పొట్టు తీయొద్దని?"

ఆమె కాగితం మీది పదకొండు చొక్కాల వంక చూసింది. నాలుగో లైను, దాని కింద రెండు గీతలు.

"చెప్పారు" అంది. "రాసి కూడా పెట్టారు."

"మరి?"

"మేం కూరకనుకున్నాం."

షాపాయన రెప్ప వేయకుండా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, భుజాలు కదులుతుండగా, కడిగిన వలనే మళ్ళీ కడిగాడు. ఇటు తిరిగేసరికి మొహం మామూలుగా ఉంది.

"మిగతావి ఉంటాయిలే. కొత్త పొట్టు మెత్తగా ఉన్నన్నాళ్ళూ నాచులో దాక్కుంటాయి. ఇప్పుడు మాత్రం కంగారుపడి మంచి చేసెయ్యకు. చెడ్డ నీళ్ళయినా, మంచి నీళ్ళయినా, గబుక్కున మారిస్తే వాటికొకటే. సున్నం ఉండేది కుళాయి నీళ్ళలోనే; ఇవాళ అవి బక్కెట్లో పట్టి, క్లోరిన్ పోయేలా మూత లేకుండా ఉంచు. రేపు పొద్దున సన్నగొట్టానికి ముడేసి, బక్కెట్లోంచి తొట్టిలోకి చుక్కచుక్కగా వదులు. రెండు మగ్గులు, నాలుగైదు గంటలు. ముడి వదులైతే ధార కట్టేస్తుంది, అందుకని ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలి."

ఇంటికొచ్చి గుమ్మంలోనే అత్తగారికి చెప్పింది. ఆవిడ కుడుతున్న కాలరు సగంలో ఆపి, కాలు మిషను మీదనించి తీసింది.

"ఫిల్టరు నీళ్ళు పొయ్యమన్నది నేనే కదే" అంది.

"పోసింది నేను కదత్తయ్యా."

ఇద్దరూ తొట్టి ముందు కుర్చీలు వేసుకున్నారు. మోటారు బుడగలు తప్ప చప్పుడు లేదు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, నాచు దగ్గర ఒకటి, రాయి వెనక రెండు, అంటూ వేళ్ళు మడిచింది. ఐదు దాకా వచ్చి ఆగిపోయింది. ఆరోది మీసమో, నాచు పోగో తేలలేదు.

"పదిహేడు ఉండాలి" అంది ఆమె.

"ఉంటాయిలేవే. చొక్కాలు ఇంకా ఇస్త్రీ అవలేదేమో."

చాలా రోజుల తర్వాత ఆమెకి పెదవి ఒక పక్క కదిలింది. అంతే, మళ్ళీ మామూలైపోయింది. లేచి వెళ్ళి బక్కెట్టు కుళాయి కింద పెట్టింది.

సాయంత్రం ఫోను మోగింది. ఎప్పటిలాగే స్పీకరు, ఎప్పటిలాగే దారపు ఉండ.

"సామాను సర్దేశాను. మేడంగారు రేపు బస్టాండుకి వస్తున్నట్టేనా? నా రొయ్యలెలా ఉన్నాయి?"

'బాగున్నాయి' నాలుక చివరిదాకా వచ్చింది.

"మూడు చచ్చిపోయాయి" అంది.

అవతల సంచి జిప్పు చప్పుడు ఆగింది.

"పొద్దున అన్నీ బాగున్నాయన్నావు?"

"అబద్ధం చెప్పాను. నెలన్నరగా చెబుతున్నాను. పద్నాలుగు పోయాయనుకున్నాను. పదకొండు పొట్టు. అదీ తీసేశాను. నువ్వు తీయొద్దని రాశావు."

మిషను ఆగిపోయింది. 'నువ్వు' అన్నానని ఆమెకి అప్పుడు తెలిసింది. అత్తగారు తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తోంది, అప్పటికే ఎక్కి ఉన్న దారాన్ని.

"రాశాను కదా మరి" అన్నాడు మెల్లగా.

"రాశావురా, వెధవా" అంది అత్తగారు ఫోను వైపు వంగి. "పొట్టు తీయొద్దంటే వండొద్దనుకున్నాం. విడిచిన పొట్టని ఒక్క మాట ఎక్కువ రాస్తే నీ కలం అరిగిపోతుందా?"

అవతల జిప్పు చప్పుడు మళ్ళీ మొదలైంది. అతను నవ్వుతున్నాడో, లేదో ఫోన్లో తెలియలేదు. చివరికి, "మిగతా పదిహేడూ ఉన్నాయా?" అని మాత్రం అడిగాడు.

"తెలీదు. ఐదు కనిపించాయి." ఆమె చెయ్యి తుడుచుకుంది. "రేపు నేను బస్టాండుకి రాను. ఆరింటికల్లా చుక్కలు మొదలుపెట్టాలి, పదకొండు దాకా ముడి దగ్గరే కూర్చోవాలి. నువ్వే వచ్చెయ్. తలుపు మాత్రం మెల్లగా తియ్యి."