చివరి వేలు

సూదమ్మ సూది మొనను రాతిమీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క రేణువు లేపింది. కుంచెతో తుడిచింది. మళ్లీ సూది. మ్యూజియం వెనకగదిలో ఆ కిటికీ పక్కనే ఆమె బతుకంతా గడిచింది. భర్త పోయాక ఊడ్చే పనికని వచ్చింది, సూది పట్టాక ఇక వదల్లేదు.

ఇప్పుడు ఆమె ముందున్నది బుడ్డోడు. మనుషులు పుట్టకముందెప్పుడో బురదలో కూరుకుపోయి రాయైన జీవి. కప్పకు తోక మొలిచినట్టుంటాడు, అరచేతిలో ఇముడుతాడు. వెనక కాలి చిటికెన వేలొక్కటే ఇంకా రాతిలో ఉంది. రేపు వాడున్న ఆ రాతిపలక అద్దాల పెట్టెలోకి వెళ్తుంది. ఈ సాయంత్రంతో ఆమె ఉద్యోగమూ అయిపోతుంది.

"ఆ వేలు వదిలెయ్యక్కా. రంగు పూసి సరిపెడతాలే," అన్నాడు పక్కబల్ల మీద జిగురు కలిపే అతను.

"నీ మొహానికి పూసుకో రంగు. వీణ్ని వేలు లేకుండా పంపేది లేదు."

మధ్యాహ్నానికి ఆవగింజలో సగమంత చుక్క తేలింది. ఎముకో, రాయో? తేల్చుకోవడానికి ఆ గదిలో అందరిదీ ఒకటే పద్ధతి. నాలుక ఆనిస్తే రాయి జారుతుంది, సన్న రంధ్రాలుండే ఎముక పట్టుకుంటుంది. సూదమ్మ వంగి నాలుక ఆనించింది. పట్టుకుంది. ఎంతగానంటే, తలెత్తేసరికి వేలి కొస రాతిని వదిలి నాలుకతోనే వచ్చేసింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. వీడ్కోలు పూలగుత్తితో మ్యూజియం పెద్దసారు, ఆయన వెనక ఆఫీసంతా.

"రెండు ముక్కలు మాట్లాడమ్మా," అన్నారు సారు.

సూదమ్మ కొయ్యబారిపోయింది. గుటక వేస్తే బుడ్డోడి వేలు కడుపులోకే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాపం, మాట పెగలట్లేదు," అని ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఇంకెవరో మంచినీళ్లు అందించారు. ఆమె తల అడ్డంగా ఊపింది. సారు ఉపన్యాసం అందుకున్నారు. దవడలు లాగేస్తున్నా ఆమె పెదవి కదపలేదు. జిగురతనికి అనుమానం వచ్చి చూస్తే, ఆమె తన వేలితో పలకను, తర్వాత నోటిని చూపింది.

"సార్, అక్కకి గాలాడట్లేదు. కాస్త బయటికి పదండి!" అని అతను అందర్నీ సాగనంపాడు.

ట్వీజర్‌తో కొసను తీసి, తడి ఆరాక, జిగురు చుక్కతో దాని చోట నిలిపారు.

"మింగుంటే ఏం చేసేదానివక్కా?"

"ఏముంది, అద్దాల పెట్టెలో నన్నూ కూర్చోబెట్టేవాళ్లు."

పొద్దు వాలేదాకా ఆమె లేవలేదు. జిగురు గట్టిపడిందని చూసుకున్నాకే లేచింది.

"వస్తాన్రా బుడ్డోడా," అంది, ఇక రానని తెలిసీ.

కుర్చీకి ఆమె తెల్లకోటు వేలాడుతోంది. దాని మోచేతులు ఇంకా బల్లమీద ఆనినట్టే వంగి ఉన్నాయి.