డ్యూటీ మారే వేళ

"రేపు మీ ఇద్దరికీ సెలవు" అని సూపర్‌వైజర్ మేడం నుంచి మెసేజ్ వచ్చేసరికి నేను అంబులెన్స్ వెనకాల కూర్చుని దుప్పటి మడత పెడుతున్నాను. మడత సగంలో ఆపేసి ఆ ఒక్క ముక్కనే మళ్ళీ చదివాను. మీ ఇద్దరికీ. పెళ్ళయ్యాక మమ్మల్ని ఒకే మాటలో కూర్చోబెట్టింది ఈవిడే.

"ఏంటమ్మాయ్, ఆ దుప్పటిని అలా కావలించుకున్నావు?" అన్నాడు డ్రైవర్ బాబాయ్ అద్దంలోంచి.

"రేపు మా ఆయనకీ నాకూ ఒకేసారి సెలవు బాబాయ్!"

"అయితే ఇవాళ నీ కాళ్ళు నేలమీద ఆనవన్నమాట. మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, నిన్ను మోయడానికి వేరే బండి రావాలి."

మా ఆయనా నేనూ చేసేది ఒకే పని, అదీ ఒకే బండిలో. పగలు నేను, రాత్రి ఆయన. నేను దిగుతుంటే ఆయన ఎక్కుతారు. ఆ మధ్యలో సామాను అప్పగించుకునే కాసేపే మా కాపురం. నేను ఒక్కో వస్తువు పేరు చెబుతాను, ఆయన దాని మీద చెయ్యి వేసి "ఉంది" అంటారు. "ఆక్సిజన్?" "ఉంది." "కట్లు?" "ఉన్నాయి." "బెంగ?" "బోలెడుంది." బాబాయ్ దగ్గుతాడు. నేను తలుపేసుకుని దిగిపోతాను. ఆ తరవాత ఇల్లంతా ఆయన వస్తువులే, ఆయన మాత్రం ఉండరు. తడారని తువ్వాలు, మూత పెట్టని పేస్టు, అద్దం మీద వేలితో రాసిన నా ముద్దుపేరు. మూత పెట్టనందుకు మండిపడాలనుకుంటాను గానీ, ఆ పేస్టు ట్యూబు మీద నొక్కిన వేలి గుంట చూస్తే కోపం రాదు, మనిషి కావాలనిపిస్తుంది.

ఆ పూటంతా నాకు సాయంత్రం మీదే ధ్యాస. మెసేజ్ సంగతి ఆయనకి ఫోన్లో చెప్పకూడదు, ఎదురుగా చెప్పి మొహం చూడాలి. ఆ మొహం కోసం పొద్దు నెట్టుకొచ్చాను.

ఇంకాసేపట్లో డ్యూటీ దిగుతాననగా పిలుపొచ్చింది. పాత వీధిలో మేడమీద కుట్టుపని చేసే టైలరు, దవడ నొప్పి, చెమటలు. మేం వెళ్ళేసరికి ఆయన మిషన్ ముందే కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య గోడకి ఆనుకుని నిలబడింది.

"పంటి నొప్పి తల్లీ. ఈవిడ కంగారు మనిషి, మీకు ఫోన్ కొట్టేసింది."

"కంగారు మనిషినట! చొక్కా పిండితే నీళ్ళు కారుతున్నాయమ్మా" అంది భార్య.

గుండె పరీక్ష తీశాను. గీతలు బుద్ధిమంతుల్లా నడిచాయి. బీపీ బాగుంది. టైలరు నవ్వాడు. "చూశావా? కోటు రేపు ఇవ్వాలి, పెళ్ళికొడుకుది. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు తల్లీ, పెట్టేస్తా. ఆస్పత్రికి మాత్రం రాను."

రానన్న మనిషి చేత సంతకం తీసుకుని వచ్చేయొచ్చు. రూలు ఒప్పుకుంటుంది. వెంటనే బయల్దేరితే మా ఆయన అప్పటికే గేటు దగ్గర ఉంటారు. నా చెయ్యి కాగితం వైపు ఎంత తొందరగా వెళ్ళిందంటే నాకే అనుమానం వచ్చింది. నాకోసం ఎవరూ ఎదురుచూడకపోతే ఇప్పుడు ఇక్కణ్ణించి లేస్తానా అని నన్ను నేనే అడిగాను.

లేవను. పంటి నొప్పికి చొక్కా తడవదు. గుండె కొన్నిసార్లు మొదటి పరీక్షకి దొరకదు, కాసేపాగి మళ్ళీ తియ్యాలి.

"సంతకం సరే గానీ బాబాయిగారూ, కాసేపు కూర్చుంటాను. ఇంకోసారి తీసి చూస్తా."

"కూర్చో, నాకేం! నీకే ఇంట్లో పని లేనట్టుంది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. మా డ్రైవర్ బాబాయ్ గుమ్మంలోంచి నా వంక చూసి, స్ట్రెచర్ తేవడానికి మెట్లు దిగాడు. టైలరు సూదిలో దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. మళ్ళీ నోట్లో తడిపి ఎక్కించబోయాడు. మళ్ళీ తప్పింది. ఆయన సూది కింద పెట్టి దవడ పట్టుకున్నాడు.

రెండో పరీక్షలో గీత పైకి లేచి కూర్చుంది.

గుండెపోటే. రక్తం గడ్డకట్టకుండా మాత్ర నమలమన్నాను. ఛాతీ మీద షాకు ఇచ్చే అట్టలు ముందే అంటించాను, దారిలో గుండె ఆగితే వెతుక్కోకుండా. కిందికి దింపాక, బ్రిడ్జి అవతలి ఆస్పత్రికి వెళ్తున్నామనగానే భార్య నా చెయ్యి పట్టుకుంది.

"పక్క సందులోనే ఆస్పత్రి ఉంది కదమ్మా! బ్రిడ్జి దాటించడం ఎందుకు?"

"మూసుకుపోయిన రక్తనాళం తెరిచే గది ఇక్కడ లేదు పిన్నిగారూ. ఇక్కడికి తీసుకెళ్తే చూసి మళ్ళీ అక్కడికే పంపుతారు. ఆ ఆలస్యం ఈయన తట్టుకోలేరు."

"దారిలో ఏమన్నా అయితే?"

"పక్కనే నేనుంటాను."

అనేశాను గానీ, బ్రిడ్జి మీద బండ్లు జరగక ఆగినప్పుడు నా గుండే వినిపించింది. అవతలి ఆస్పత్రికి ఫోన్ చేసి గీత ఎలా ఉందో చెప్పాను, గది సిద్ధం చెయ్యమన్నాను. టైలరు కళ్ళు మూతలు పడుతున్నాయి.

"బాబాయిగారూ, ఆ పెళ్ళికొడుకు కోటు ఏ రంగు?"

"నీలం" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన్ని మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నాను.

ఆస్పత్రి గుమ్మంలోనే అందుకుని లోపలికి తీసుకెళ్ళిపోయారు. బండి కడిగి, చక్కబెట్టి, కాగితాలు పూర్తి చేసేసరికి నర్సు బయటికొచ్చింది. "రక్తనాళం తెరుచుకుంది. కోటు గురించి అడుగుతున్నాడు" అంది. భార్య బెంచీ మీద కూలబడి కొంగులో మొహం దాచుకుంది. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ, "ఎన్నేళ్ళయినా ఈయన మీద బెంగ తీరలేదమ్మా" అంది. నాకు పెళ్ళయి ఇంకా గోరింట కూడా పోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

స్టేషన్‌కి చేరేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. నా బండి రాలేదని మా ఆయన్ని స్పేరు బండి ఎక్కించి పంపేశారట. ఆయన కూర్చునే బల్ల మీద సగం తాగిన టీ ఉంది. గ్లాసు పట్టుకుని చూశాను. ఇంకా గోరువెచ్చగానే ఉంది.

ఫోన్ మోగింది. "రెండోసారి తీసి చూశావటగా. బాబాయ్ చెప్పాడు." వెనకాల సైరన్ మోగుతోంది.

"మీరైతే?"

"నేనూ కూర్చునేవాణ్ణే. కానీ నిన్ను తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి." అన్నారు. "గేటు దగ్గర చాలాసేపు చూశాను."

ఆయన మొహం చూస్తూ చెప్పాలనుకున్న మాటను ఆ సైరన్ మోతలోనే చెప్పేశాను.  ఆయన వెంటనే పక్కన ఎవరితోనో, "ఒరేయ్, రేపు మా ఇద్దరికీ సెలవురా!" అని అరిచారు.

"వినండి" అన్నాను. "రేపు పొద్దున్న మీరు దిగే వేళకి గేటు దగ్గర నేనుంటాను. యూనిఫాం లేకుండా, మామూలు బట్టల్లో వస్తాను. గుర్తుపట్టకపోతే మాత్రం ఊరుకోను. అక్కణ్ణించి నడిచే ఇంటికెళ్దాం, దగ్గర దారిలో కాదు, చుట్టు తిరిగి."