చాపిన చెయ్యి

మండవల్లిలో రూతమ్మ ఇంటి గోడ ఉప్పు పట్టి పెచ్చులూడింది. తాపీమేస్త్రి అయిన భర్త విశ్వాసం చనిపోయి ఏడాదైంది. ముప్పై ఏళ్లు ఆయనకు సిమెంటు మాలు కలిపి అందించిన రూతమ్మ, గోడ తడిపి, తొలిసారి తనే తాపీ పట్టుకుని పరంజా ఎక్కింది.

మెల్లగా అద్దితే మాలు జారి కాళ్ల మీద పడింది. ఆయన విసిరికొట్టేవారని గుర్తొచ్చి, కోపంగా విసిరింది. అతుక్కుంది! ఆ ఊపులో తట్టెడు మాలూ అయిపోయింది. గోడ మీంచి చూపు తిప్పకుండానే, ఇంకో తట్ట కోసం చెయ్యి కిందికి చాపింది.

ఆయనా అంతే. “కింద మనిషుందో లేదో చూసుకోరేంటండీ?” అని ఎన్నిసార్లు కసిరిందో.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.